పాలికె గడపలో మన మాట

రాష్ట్రప్రభుత్వాన్ని మనం అయిదేళ్ళకొకసారి ఓటు వేసే వేళ తలచుకుంటాం. నగరపాలక సంస్థ గడపను మాత్రం ఏడాది పొడుగునా తొక్కుతూనే ఉంటాం. బిడ్డ పుడితే జనన ధ్రువపత్రం, పెద్దలు పోతే మరణ ధ్రువపత్రం, ఇల్లు కట్టాలంటే అనుమతి, కట్టిన ఇంటికి కందాయం, తండ్రి పేరున ఉన్న ఆస్తి బిడ్డల పేరుకు మారాలంటే ఖాతా మార్పు, అంగడి తెరవాలంటే లైసెన్సు, ఇక కొళాయి, మురుగు కాలువ, వీధిదీపం, చెత్తబండి సరేసరి. బళ్ళారి మహానగర పాలికెతో పని పడని కుటుంబం ఈ నగరంలో లేదు.

భాషాహక్కు అనగానే మన మనసు మొదట బడి వైపు పోతుంది. అమ్మనుడిలో ప్రాథమిక విద్య అందాలన్న కోరిక న్యాయమైనది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం దానికి అండగా నిలిచింది. అయితే బడిలో పిల్లవాడు గడిపేది పదేళ్ళు. పౌరుడిగా నగరంలో బ్రతికేది జీవితమంతా. బడిలో నేర్చిన నుడి ఆ తరువాత ఏ కార్యాలయంలోనూ వినబడక, ఏ ప్రకటనలోనూ కనబడకపోతే అది క్రమంగా ఇంటి నాలుగు గోడలకు పరిమితమవుతుంది. ఆపై తరంలో అక్కడి నుంచీ తొలగిపోతుంది. కనుక నగరపాలన సంస్కరణ అనేది అధికారులకూ, పార్టీలకూ వదలివేయదగిన విషయం కాదు. పాలనను ప్రజల దగ్గరకు తెస్తామని వచ్చే ప్రతి సంస్కరణా ప్రజలకు అర్థమయ్యే మాటలో వచ్చినప్పుడే నిలుస్తుంది. ఆ మాట కోసం నోరు తెరచి అడగవలసినవారం మనమే.

బళ్ళారి ఏకభాషా నగరంగా ఎన్నడూ లేదు. మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం, మరాఠీ ఒకే బజారులో మెలగాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ఆధునిక తెలుగు నాటకానికి పురుడు పోసింది ఈ ఊరిలోనే. న్యాయవాదిగా, నటుడిగా పేరుపొందిన బళ్ళారి రాఘవ తెలుగులోనూ, కన్నడంలోనూ, ఆంగ్లంలోనూ రంగమెక్కినవాడు. ఒక భాష పెరగాలంటే మరొక భాష తగ్గాలన్న ఆలోచన ఆ తరానికి లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. మిగిలిన తాలూకాలు మైసూరుకు పోయాయి. వివాదంలో ఉన్న బళ్ళారి తాలూకా విషయాన్ని హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్ర విచారించారు, ఆ తాలూకా కూడా మైసూరులోనే చేరింది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తుంగభద్ర పథకాన్ని దృష్టిలో ఉంచుకొని బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వవచ్చునని సూచించినా 1956 పునర్విభజనలో అది అమలు కాలేదు. ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది. దానిని తిరగతోడడం మన ఉద్దేశం కాదు. సరిహద్దు గీత ఎక్కడ ఉన్నా గీతకు ఇరువైపులా ఉన్న మనుషుల హక్కులు చెరగవు అన్నదే మన వాదం. ఆ హక్కులు నిత్యజీవితంలో పరీక్షకు నిలిచేది నగరపాలక కార్యాలయంలోనే.

ఇప్పుడు సంస్కరణల సంగతి చూద్దాం. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలనకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చింది. పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను పేర్కొని, వాటిని స్థానిక సంస్థలకు అప్పగించేందుకు దారి వేసింది. ప్రతి పాలక మండలికీ అయిదేళ్ళ గడువు, మహిళలకు మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు, షెడ్యూల్డు కులాలకూ తెగలకూ జనాభా నిష్పత్తిలో స్థానాలు దీనివల్ల వచ్చినవే. బళ్ళారి పురపాలక సంఘం 2004లో నగరపాలక సంస్థ అయింది. 2021 ఏప్రిల్‌లో 39 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఏప్రిల్‌లో గెలిచిన సభ్యులు తమ మేయరును ఎన్నుకోగలిగింది 2022 మార్చిలో! ఓటరు తీర్పు చెప్పిన తరువాత దాదాపు ఏడాది పాటు నగరానికి మేయరు లేడు. చట్టంలో ఉన్న స్వపరిపాలనకూ, నడిచే స్వపరిపాలనకూ మధ్య దూరం ఎంతో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయినా జరిగిన మేలును కాదనరాదు. 2000 దశకం తొలినాళ్ళలో కర్ణాటక పట్టణాలలో ఆస్తిపన్నుకు స్వయం మదింపు విధానం వచ్చింది. అంతకుముందు బిల్లు కలెక్టరు వచ్చి ఇల్లు చూసి, తోచిన పన్ను వేసేవాడు. హెచ్చుతగ్గులకు అతడి దయ ఆధారం. కొత్త విధానంలో ఇంటి యజమానే స్థలం కొలత, కట్టడం రకం, వాడుక, ప్రభుత్వం నిర్ణయించిన విలువ ఆధారంగా తన పన్ను తానే లెక్కగట్టి చెల్లిస్తాడు. ఆర్థిక సంవత్సరం మొదట్లోనే కడితే 5 శాతం తగ్గింపు కూడా ఉంది. ఆ తరువాత 2011లో పౌరసేవల హామీ చట్టం వచ్చింది. 2012 ఏప్రిల్ 2 నుంచి సకాల అన్న పేరుతో అది అమలవుతున్నది. జనన మరణ పత్రాలు, ఖాతా, కట్టడాల అనుమతి వంటి సేవలకు గడువు నిర్ణయించారు. దరఖాస్తు ఇచ్చినవారికి 15 అంకెల సంఖ్యతో రసీదు ఇవ్వాలి. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 రూపాయల వరకు పరిహారం అడిగే హక్కు పౌరుడికి ఉంది; ఆ సొమ్ము ఆలస్యం చేసిన అధికారి జీతం నుంచి పోతుంది. సొమ్ము చిన్నదే. కానీ అధికారి పౌరుడికి జవాబుదారి అన్న సూత్రం పెద్దది.

ఈ రెండు సంస్కరణల అంతరార్థం ఒక్కటే: పౌరుడికీ కార్యాలయానికీ నడుమ నిలిచిన దళారిని తొలగించడం. మరి ఆ దళారి నిజంగా తొలగిపోయాడా? స్వయం మదింపు పత్రం నింపాలంటే ముందు దానిని చదవాలి. సకాల రసీదు మీద గడువు తేదీ ఏదో, సేవ పేరేమిటో తెలియాలి. చదవలేనివారు ఏం చేస్తారు? కార్యాలయం ఎదుట బల్ల వేసుకొని కూర్చున్న మనిషి దగ్గరకు పోతారు. ఒక కాగితం నింపడానికి ఇంత, లోపల ఇవ్వడానికి ఇంత, అందిందో లేదో కనుక్కోవడానికి ఇంత! ముందు ద్వారం నుంచి వెళ్ళగొట్టిన దళారి భాష అనే దొడ్డిదారిన మళ్ళీ లోపలికి వస్తున్నాడు. పాలనలో సాంకేతికత పెరిగేకొద్దీ, దరఖాస్తులు కంప్యూటరులోకి మారేకొద్దీ ఈ దారి ఇంకా వెడల్పవుతున్నది.

ఇక్కడ మనలో మనం నిజం మాట్లాడుకోవాలి. బళ్ళారి తెలుగు కుటుంబాలన్నీ ఒక్క తీరులో లేవు. తెలుగు బడిలో చదివి తెలుగే చదవగలిగిన పెద్దలు ఒక వర్గం. ఇంట తెలుగు మాట్లాడుతూ కన్నడ మాధ్యమంలో చదివి, తెలుగు అక్షరాలు రాని యువతరం మరొక వర్గం. అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి జీన్సు కుట్టుపనికో, కట్టడాల పనికో వచ్చి ఏ లిపీ చదవలేని శ్రామికులు మూడవ వర్గం. తెలుగులో ఒక నోటీసు అచ్చువేస్తే మొదటి వర్గానికే మేలు జరుగుతుంది. రెండవ వర్గం కన్నడంలోనే చదువుకోగలదు. వారికి కావలసింది ఇంట్లోని పెద్దలకు ఆ విషయం విడమరచి చెప్పే ఓపిక. మూడవ వర్గానికి కావలసింది ముద్రణ కాదు, నోటిమాట: కౌంటరు వద్ద తెలుగులో చెప్పగల ఒక ఉద్యోగి, వార్డు సభలో తెలుగులో అడిగితే వినే ఒక అధ్యక్షుడు. భాషాహక్కు అంటే బోర్డుల మీది అక్షరాలు మాత్రమే అనుకుంటే ఈ మూడవ వర్గాన్ని మనమే వదిలివేసినట్లవుతుంది.

సంస్కరణలు భాషను పట్టించుకోకపోతే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికా నగరాలలో పురపాలన సంస్కరణోద్యమం బలంగా సాగింది. 1900లో పెను తుపాను గాల్వెస్టన్ నగరాన్ని ధ్వంసం చేసిన తరువాత అక్కడ పాత మండలి స్థానంలో కమిషన్ పాలన వచ్చింది. 1913 వరద తరువాత డేటన్ నగరం వృత్తినిపుణుడైన నగర మేనేజరుకు పాలన అప్పగించింది. లంచగొండి పార్టీ నాయకుల గుత్తాధిపత్యం తగ్గింది, లెక్కలు సక్రమమయ్యాయి, రోడ్లూ నీరూ మెరుగుపడ్డాయి. కానీ నాణేనికి రెండవ వైపు కూడా ఉంది. పిట్స్‌బర్గ్ నగరంలో 1911లో వార్డుల వారీ ప్రతినిధులను తీసివేసి, నగరమంతా కలిసి ఎన్నుకునే 9 మంది సభ్యుల మండలిని పెట్టారు. ఆ స్థానాలు పెద్ద వ్యాపారులకూ వృత్తినిపుణులకూ దక్కాయి. వలస శ్రామికులు ఉండే వార్డుల గొంతు వినబడకుండా పోయింది. 1921లో న్యూయార్క్ రాష్ట్రం కొత్త ఓటర్లకు ఆంగ్ల అక్షరాస్యత షరతు పెట్టింది. పాలన శుభ్రపడింది, కానీ దాని తలుపు ఇరుకైంది.

ఆ తప్పు దిద్దుకోవడానికి ఆ దేశానికి అర్ధశతాబ్దం పట్టింది. 1975లో ఓటుహక్కు చట్టాన్ని సవరించి, ఆంగ్లం తగినంత రాని భాషా అల్పసంఖ్యాక ఓటర్లు 5 శాతం దాటిన చోట్ల ఎన్నికల కాగితాలు వారి భాషలో కూడా ఇవ్వాలన్నారు. 1992లో 10 వేల మంది దాటినా చాలునన్నారు. భాష తెలియని పౌరుడిని దూరం పెట్టడం సంస్కరణ కాదని గ్రహించిన తరువాత చేసిన ఏర్పాటు ఇది. మన దేశం ఆ మాటను అంతకు ఎంతో ముందే అంగీకరించింది. కాకపోతే అంగీకరించినదానిని ఆచరణలో మరచిపోయింది.

మన చేతిలో ఉన్న ఆధారాలేమిటి? మొదటిది రాజ్యాంగం 350వ అధికరణం. ఏ పౌరుడైనా తన ఇబ్బందిని తొలగించమని కోరుతూ కేంద్రం లేదా రాష్ట్రానికి చెందిన ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చుకోవచ్చునని అది చెబుతున్నది. తెలుగు కేంద్రంలో గుర్తింపు పొందిన భాష, కర్ణాటకలో లక్షలాది మంది మాట్లాడే భాష. 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్ర జనాభాలో దాదాపు 6 శాతం మంది మాతృభాష తెలుగు. కనుక మురుగు కాలువ గురించో, తప్పుపడిన ఖాతా గురించో తెలుగులో వ్రాసి ఇచ్చే విజ్ఞాపనను తీసుకోము అనడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణం చెప్పలేదు. ఆ సంగతీ మనం గుర్తుంచుకోవాలి.

రెండవది 1956 నాటి భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పత్రం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వేళ కేంద్రప్రభుత్వం దీనిని ప్రకటించింది. ఒక తాలూకాలో గాని, పురపాలక ప్రాంతంలో గాని భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం వరకు ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు, నిబంధనలు, ఓటర్ల జాబితాలు వంటివి వారి భాషలో కూడా ప్రచురించడం మేలని అందులో ఉంది. పురపాలక ప్రాంతం అన్న మాట ఆ పత్రంలోనే ఉండడం గమనార్హం. ఇది న్యాయస్థానంలో నేరుగా అమలు చేయించుకోగల శాసనం కాకపోవచ్చు. కానీ ప్రభుత్వాలు ఒప్పుకున్న విధానం. దీని అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదించడానికి 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉన్నారు. కనుక వార్డుల వారీగా, నగరమంతటా తెలుగు మాతృభాషగా గలవారు ఎందరు అన్న లెక్క మనకు ప్రాణంతో సమానం. ఆ లెక్క తేలేది జనగణనలోనే. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా ప్రకటించిన జనగణనలో మాతృభాష గడి నింపేటప్పుడు ప్రతి తెలుగు ఇల్లూ నిర్మొహమాటంగా తెలుగు అని చెప్పాలి. చదువు కన్నడంలో సాగినంత మాత్రాన మాతృభాష మారదు.

మూడవది, అన్నిటికంటె దగ్గరిది, వార్డు కమిటీ. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం నిర్దేశించింది. 2011 జనగణన నాటికే బళ్ళారి జనాభా నాలుగు లక్షలు దాటింది. కర్ణాటక నగరపాలక సంస్థల చట్టం, 1976కు తరువాత వచ్చిన సవరణ, 2016 నాటి నిబంధనలు ఈ కమిటీల స్వరూపాన్ని స్పష్టం చేశాయి. కార్పొరేటరు అధ్యక్షుడు, ఆయనతో పాటు 10 మంది పౌర సభ్యులు. వారిలో ముగ్గురికి తగ్గకుండా మహిళలు, ఇద్దరికి తగ్గకుండా షెడ్యూల్డు కులాల లేదా తెగలవారు, ఇద్దరు నివాసుల సంఘాల ప్రతినిధులు ఉండాలి. వార్డు ప్రణాళిక తయారుచేయడం, పనులు సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూడడం, చెత్త సేకరణనూ వీధిదీపాలనూ గమనించడం వీరి బాధ్యతలు.

లెక్క వేసి చూడండి. 39 వార్డులు, వార్డుకు 10 మంది: మొత్తం 390 మంది పౌరులకు నగరపాలనలో కూర్చునే చోటు చట్టం ఇచ్చింది. అందులో 117 మందికి తగ్గకుండా మహిళలు. ఎన్నికలలో నిలబడనక్కరలేదు, ధనం ఖర్చు పెట్టనక్కరలేదు. భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకించి ఇన్ని స్థానాలని చట్టం చెప్పలేదు; కానీ తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వార్డులలో ఈ స్థానాలకు ముందుకు రావద్దని కూడా ఎవరూ అనలేదు. పాఠకులను ఒక మాట అడుగుతున్నాం: మీ వార్డు కమిటీ సభ్యులెవరో మీకు తెలుసునా? అది ఎన్నిసార్లు సమావేశమయిందో, ఏమి తీర్మానించిందో ఎన్నడైనా విచారించారా? రాజధాని బెంగుళూరులో సైతం చెత్త సమస్యపై హైకోర్టు జోక్యం చేసుకున్న తరువాతే ఈ కమిటీలలో కదలిక వచ్చింది. అడగనిదే ఏ కమిటీ తనంత తాను కదలదు.

ఈ సందర్భంలో సరిహద్దుకు ఆవలివైపు చూడడం మంచిది. మన బంధువులు ఉన్న ఆదోనిలోనూ, గుంతకల్లులోనూ, రాయదుర్గంలోనూ 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల పద్ధతి వల్ల ఉద్యోగులు వీధి దగ్గరకే వచ్చారు. కాగితం కోసం నగర కార్యాలయానికి పరుగెత్తవలసిన అవసరం తగ్గింది. ఈ సౌకర్యం బళ్ళారికి కూడా రావాలని కోరుకోవడంలో తప్పులేదు. అయితే సచివాలయం ప్రభుత్వ ఉద్యోగుల కార్యాలయం. అందులో పౌరుడు దరఖాస్తుదారుడు మాత్రమే. వార్డు కమిటీలో పౌరుడు సభ్యుడు. సేవను వీధిలోకి తేవడం ఒక సంస్కరణ, నిర్ణయాన్ని వీధిలోకి తేవడం మరొక సంస్కరణ. రెండవది ఇంకా పెద్దది. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989 నుంచి బడ్జెట్టులో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చేందుకు పేటల వారీ ప్రజాసభలు జరిపింది. మన దేశంలో పూణె నగరం 2006 నుంచి పౌరుల సూచనలను బడ్జెట్టులో చేర్చుకుంటూ వచ్చింది. ఇటువంటి సభలలో నోరు తెరవాలంటే తన మాటలో తాను చెప్పుకోగలనన్న ధైర్యం ఉండాలి. భాష రాదన్న బిడియంతో వెనుక వరుసలో కూర్చున్నవాడి వీధికి దీపం ఎన్నటికీ రాదు.

తెలుగువారంటే వకీళ్ళూ, వర్తకులూ, రైతులూ మాత్రమే కాదు. తెల్లవారకముందే నగరాన్ని ఊడ్చే పౌరకార్మికులను కూడా తలచుకోవాలి. బెంగుళూరు మొదలుకొని కర్ణాటక నగరాల పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2022 జూలైలో వారు రాష్ట్రవ్యాప్తంగా సమ్మె చేసిన తరువాతే ఉద్యోగాలు ఖాయం చేస్తామన్న హామీ వచ్చింది; బెంగుళూరులో 2025 మే 1న 12 వేలకు పైగా కార్మికులకు నియామక పత్రాలు అందాయి. హాజరు పట్టికలో, భవిష్యనిధి లెక్కలో తన పేరు సరిగా ఉందో లేదో చదువుకోలేని కార్మికురాలికి భాషాహక్కు అలంకారం కాదు, కూడు. బజారులో తోపుడుబండి పెట్టుకున్నవారి సంగతీ అంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి; వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. తమ పేరు సర్వేలో చేరిందో లేదో తెలియని వ్యాపారికి ఆ చట్టం ఉన్నా లేనట్టే. భాషా ఉద్యమం ఈ గుడిసెల ముంగిట నిలబడనంతవరకు అది సగం మంది ఉద్యమమే.

కర్ణాటకలో కన్నడమే పాలనాభాష కదా, తెలుగు ఎందుకని కొందరు అడగవచ్చు. కన్నడం ఈ రాష్ట్ర పాలనాభాషగా ఉండడం న్యాయం, అవసరం. కన్నడ భాషా సమగ్రాభివృద్ధి చట్టాన్నీ, నామఫలకాలలో 60 శాతం కన్నడం ఉండాలన్న 2024 నాటి సవరణనూ మనం గౌరవిస్తాం. మన పిల్లలు కన్నడం చక్కగా నేర్వాలి. ఈ నేల భాష రాకుండా ఈ నేల మీద ఆత్మగౌరవంతో బ్రతకలేం. మనం కోరుతున్నది కన్నడానికి బదులుగా తెలుగు కాదు, కన్నడంతో పాటు తెలుగు. అదే న్యాయం ఉర్దూ మాట్లాడే కౌల్‌బజారు కుటుంబాలకూ వర్తించాలి. అదే న్యాయం సరిహద్దుకు ఆవల రాయదుర్గం, మడకశిర, ఆదోని ప్రాంతాలలోని కన్నడ కుటుంబాలకు అక్కడి పురపాలక కార్యాలయాలలో దక్కాలి. వారికి కన్నడంలో నోటీసు ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడిగే నైతిక బాధ్యత మనకుంది. ఆవల అడగని వారికి ఈవల అడిగే హక్కు బలహీనపడుతుంది.

ఈ మహత్తర కార్యానికి పెద్ద నిధులు అక్కరలేదు. పాలికెను మనం కోరవలసినవి చిన్న పనులే. ఆస్తిపన్ను స్వయం మదింపు పత్రానికీ, ఖాతా మార్పు దరఖాస్తుకూ తెలుగులో, ఉర్దూలో ఒక వివరణ పత్రం వేయాలి. దరఖాస్తు కన్నడంలోనే ఉండవచ్చు. తుంగభద్ర కాలువల నుంచి అల్లీపుర, మోకా చెరువులకు చేరి ఇళ్ళకు వచ్చే నీరు ఏ పేటకు ఏ రోజు వదలుతారో వార్డులో అందరికీ అర్థమయ్యే భాషలలో చాటింపు వేయాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నీటి గురించి నిజమేదో, వదంతి ఏదో తెలియక జనం ఎంత తల్లడిల్లారో మనకు తెలుసు. ప్రజలు ఎక్కువగా వచ్చే కౌంటర్లలో కన్నడంతో పాటు తెలుగు, ఉర్దూ మాట్లాడగలవారు ఉండేలా చూడాలి. వార్డు కమిటీ సమావేశాల తేదీనీ తీర్మానాలనూ వార్డు కార్యాలయం గోడమీద అంటించాలి.

మనం చేయవలసినవి కూడా ఉన్నాయి. ప్రతి వార్డులో కనీసం ఇద్దరు, వారిలో ఒకరు మహిళ, వార్డు కమిటీ సభ్యత్వానికి ముందుకు రావాలి. ఇబ్బంది ఉన్నవారు 350వ అధికరణాన్ని పేర్కొంటూ తెలుగులో విజ్ఞాపన వ్రాసి, అందినట్టు రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే ఆ విషయం వ్రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు ఆంగ్లంలో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికారభాషలో గాని ఉండాలి. అయితే వ్రాయలేనివారు నోటితో చెబితే అధికారి దానిని వ్రాతలో పెట్టేందుకు తోడ్పడాలని ఆ చట్టమే చెబుతున్నది. ఈ సంగతి మన పెద్దలకు చెప్పాలి. కన్నడం చదువుకున్న మన యువతీయువకులు ఏటా ఏప్రిల్ నెలలో, పన్ను చెల్లింపుల వేళ, తమ వీధిలోని పది ఇళ్ళకు మదింపు పత్రాలు ఉచితంగా నింపి ఇవ్వగలిగితే దళారి బల్ల తనంతట తానే ఖాళీ అవుతుంది. రెండు భాషలు తెలిసిన ఆ యువతరమే ఈ సరిహద్దు నేల సంపద. వారు తెలుగు అక్షరాలు కూడా నేర్చుకుంటే ఆ సంపద రెట్టింపవుతుంది.

సంస్కరణలు పైనుంచి వస్తాయి, నిలబడేది కింది నుంచి. చట్టసభ వార్డు కమిటీని సృష్టించగలదు. దానిలో కూర్చొని మాట్లాడే మనిషిని సృష్టించలేదు. మన పూర్వులు ఈ నగరంలో నాటకరంగం మీద నిలబడి తెలుగులో పలికితే కన్నడిగులు సైతం కూర్చొని విన్నారు. నేడు వార్డు సభలో లేచి నిలబడి, మా వీధికి నీరు రావడం లేదని తెలుగులో ఒక ఇల్లాలు చెబితే వినే సంస్కారం ఈ నగరానికి ఉందనే మేము నమ్ముతున్నాం. ఆమె లేచి నిలబడేలా చేయడం మాత్రం మన బాధ్యత.